రెండు ఆకుపచ్చ గీతలు

మార్చి 9, 2025. పార్సిప్పనీ, న్యూజెర్సీ

నిన్న సాయంత్రం చిన్నోడు కబ్ స్కౌట్స్ నుంచి పెద్ద ట్రూప్‌లోకి మారాడు. చర్చి హాల్లో చిన్న చెక్క వంతెన ఒకటి వేశారు. పిల్లలు ఒక్కొక్కరే దాన్ని దాటాలి. అవతలి కొసన మావాడి కోసం నిలబడింది స్కౌట్ మాస్టరు కాదు, పదమూడేళ్ల కుర్రాడు. ఎడమ చేయి చాచి వీడి ఎడమ చేయి అందుకున్నాడు. మెడలో స్కార్ఫు వేశాడు. "నువ్విక మా పెట్రోల్. మంగళవారం ఏడింటికి మీటింగు. పెన్నూ నోట్‌బుక్కూ తెచ్చుకో" అన్నాడు. పక్కనే ఉన్న నాతోగానీ మా ఆవిడతోగానీ ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పాల్సింది చెప్పాల్సినవాడికే చెప్పాడు.

ఆ కుర్రాడి ఎడమ భుజం మీద గుడ్డ బిళ్ల, దానిమీద రెండు ఆకుపచ్చ గీతలు. పెట్రోల్ అంటే ట్రూప్‌లో పిల్లల చిన్న జట్టు. దాని లీడర్ గుర్తు అది.

మామగారు వచ్చి నెలయింది. రేపల్లె దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉద్యోగమంతా స్కౌట్ మాస్టరుగా ఉన్న మనిషి. తిరిగొచ్చేటప్పుడు కార్లో అన్నారు: "ఆ పెట్రోల్ లీడర్‌ని చూశారా బాబూ? మన వంక చూడనే లేదు. వాడికి ఎవరో బాగా నేర్పారు."

మార్చి 12

ట్రూప్ సామాన్ల గదిలో పాత పుస్తకాల అర ఉంది. అందులోంచి 1979 నాటి స్కౌట్ హ్యాండ్‌బుక్ అడిగి తెచ్చుకున్నాను. రాసింది విలియం హిల్‌కోర్ట్. ఈ దేశంలో కొన్ని తరాల పిల్లలకు ఆయన 'గ్రీన్ బార్ బిల్'. ఆ పేరుతో చేసే సంతకంతో పాటు ఆకుపచ్చ గీతలు రెండూ ఉండేవి.

దీని గురించే పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను. యౌవనమంతా, నడివయసంతా స్కౌట్ సంస్థ ఉద్యోగంలోనే గడిపిన మనిషి. హోదాలకు, పతకాలకు కొదవ లేదు. తన పేరుకు తగిలించుకున్నది మాత్రం ఎనిమిది మంది పిల్లలకు పెద్దగా ఉండే కుర్రాడి గుర్తు.

మార్చి 16

హిల్‌కోర్ట్ పుట్టింది డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో, 1900లో. 1910 క్రిస్మస్‌కి అన్న ఓ పుస్తకం బహుమతిగా ఇచ్చాడు. స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్-పవెల్ రాసిన 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్'కి డేనిష్ అనువాదం. పదేళ్ల పిల్లాడు ఆ పుస్తకం పట్టుకుని అడివిలోకి పోయాడు, మళ్లీ పూర్తిగా బయటికి రాలేదు. మధ్యలో ఫార్మసీ చదివాడు. చదువుకు తగ్గ ఉద్యోగం చేసుకుని ఆర్హుస్‌లోనే స్థిరపడొచ్చు. అలా చేయలేదు. స్కౌటింగ్ ఏ దేశంలో ఎలా నడుస్తోందో చూసొస్తానని బయల్దేరి 1926లో అమెరికాలో దిగాడు.

మందుల షాపు పెట్టుకోగలిగీ పెట్టుకోని మనిషి అంటే మా ఇళ్లల్లో ఏమంటారో నాకు తెలుసు. మామగారిని కూడా అలాగే అన్నారు. ట్యూషన్లు చెప్పుకుంటే రెండంతస్తుల మేడ లేచేది కదా అని.

మార్చి 23

లిఫ్టు కథ దొరికింది.

న్యూయార్క్‌లో బాయ్ స్కౌట్స్ సంస్థ సరుకుల విభాగంలో పనికి కుదిరాడు హిల్‌కోర్ట్. సరుకు పెట్టె మీదపడి కాలు విరిగింది. కర్రల సాయంతో నడుస్తున్న రోజుల్లో ఓసారి ఆఫీసు లిఫ్టులో జేమ్స్ వెస్ట్ ఎదురయ్యాడు. సంస్థ నడిపేది ఆయనే. అమెరికన్ స్కౌటింగ్ ఎలా ఉందనిపిస్తోంది అని మర్యాదకు అడిగాడు. వేరెవరైనా అయితే బాగుందండీ అని ఊరుకునేవాళ్లు. ఈ పరాయి దేశపు కుర్రాడు మాత్రం పద్దెనిమిది పేజీల జవాబు రాసి పంపాడు. సారాంశం ఒక్కటే: మీ దగ్గర ట్రూపులున్నాయి, స్కౌట్ మాస్టర్లున్నారు, పెట్రోల్ పద్ధతి మాత్రం లేదు. పెట్రోల్ లీడర్‌కి ఒక పుస్తకం కావాలి, అది ఆ పని స్వయంగా చేసినవాడే రాయాలి.

వెస్ట్ గొప్పతనం కూడా చెప్పుకోవాలి. తిట్టి పంపలేదు, సరే నువ్వే రాయి అన్నాడు. 1929లో పుస్తకం వచ్చింది. 1932 అక్టోబరు నుంచి 'బాయ్స్ లైఫ్' పత్రికలో గ్రీన్ బార్ బిల్ శీర్షిక మొదలైంది. 1933లో పెళ్లి. అమ్మాయి గ్రేస్ బ్రౌన్, వెస్ట్‌గారి సెక్రటరీ.

మార్చి 30

పెట్రోల్ అంటే ఏమిటో మా ఆవిడకు చెప్పబోతే మామగారు అందుకుని నాకంటే బాగా చెప్పారు. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు. వాళ్లల్లో ఒకడు లీడరు. వండుకోవడం, గుడారం వేసుకోవడం, తగాదాలు తీర్చుకోవడం, కొత్తవాడికి ముడి వేయడం నేర్పడం అన్నీ వాళ్లవే. స్కౌట్ మాస్టరు పని లీడర్లను తయారుచేయడం, ఆ తర్వాత పక్కకు జరగడం.

1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్సీ దీవిలో బేడెన్-పవెల్ వేసిన మొదటి క్యాంపులోనే ఈ ఏర్పాటు ఉంది. నాలుగు పెట్రోళ్లు: తోడేళ్లు, ఎద్దులు, కర్ల్యూ పిట్టలు, బొంతకాకులు. పెద్ద పెద్ద బడుల్లో చదివే ధనవంతుల పిల్లలనూ, పూల్, బోర్న్‌మత్ ఊళ్ల కూలినాలి పిల్లలనూ ఒకే పెట్రోల్లో కలిపి కూర్చోబెట్టాడు. ఆ రోజుల్లో ఆ దేశంలో అది చిన్న విషయం కాదు.

"మా బళ్లో ఒకే పెట్రోల్లో కరణంగారి మనవడూ, మాలపల్లె కుర్రాడూ ఒకే గిన్నెలో వండుకు తిన్నారు" అన్నారు మామగారు. "ఊళ్లో గొడవైంది. మీరు వచ్చి వండిపెట్టండి, ఎవరికి వాళ్లకి వేరుగా వడ్డిస్తాను అన్నాను. ఎవరూ రాలేదు."

ఏప్రిల్ 6

మామగారు సూట్‌కేసు అడుగునుంచి ఒక పొట్లం తీశారు. ఖాకీలాంటి రంగు స్కార్ఫు, తోలుతాడుకు గుచ్చిన రెండు చెక్కపూసలు. హిమాలయ వుడ్ బ్యాడ్జ్. మధ్యప్రదేశ్‌లో పచ్‌మఢీ కొండలమీద జాతీయ శిక్షణ కేంద్రంలో సంపాదించుకున్నారు. అక్కడ పెద్దలను కూడా పెట్రోళ్లుగా విడగొడతారు. హెడ్‌మాస్టరైనా, ఇన్‌స్పెక్టరైనా తన గిన్నె తాను తోముకోవాలి.

ఈ పూసల శిక్షణ 1919లో లండన్ పక్కన గిల్వెల్ పార్కులో మొదలైంది. మొదటి పూసలు జులూ రాజు దినుజులు హారంలోవని చెప్తారు. బేడెన్-పవెల్ సైనికుడిగా ఉన్న రోజుల్లో తెచ్చుకున్న హారం పిల్లల పెంపకానికి గుర్తయింది. ఆ హారం వెనక ఉన్న జులూల కథ కూడా ప్రతి శిక్షణలో చెప్పాలని నా కోరిక.

అమెరికాలో ఇక్కడివాళ్లే నడిపిన మొదటి వుడ్ బ్యాడ్జ్ శిక్షణ 1948లో. దానికి స్కౌట్ మాస్టరు హిల్‌కోర్టే. జరిగిన చోటు షిఫ్ స్కౌట్ రిజర్వేషన్, మెండమ్. మ్యాపు తీసి చూస్తే మా ఇంటికి కారులో అరగంట దూరం.

"తీసుకెళ్తారా?" అన్నారు మామగారు. ఇక్కడికొచ్చాక ఆయన నన్ను అడిగిన మొదటి కోరిక ఇదే.

ఏప్రిల్ 27

మావాడి మొదటి క్యాంపు నుంచి ఇప్పుడే వచ్చాం. బట్టలన్నీ పొగవాసన. నిద్రపోయేలోగా రాసుకోవాలి.

వారం ముందు మీటింగులో పెట్రోల్ లీడరు కాగితం పట్టుకుని కూర్చున్నాడు. ఎవరెవరు ఏమేం తినరు? ఒకడికి వేరుశెనగ పడదు, ఒకడు మాంసమే ముట్టడు, మావాడు గొడ్డుమాంసం తినడు. అన్నీ రాసుకున్నాడు. ఎవరినీ నువ్వెందుకు తినవని అడగలేదు. అందరూ తినగలిగిన వంటలేవో తేల్చి, తలా ఎన్ని డాలర్లో లెక్కగట్టి, ఇద్దరిని సరుకులకు పంపాడు. పొద్దుటి వంట వంతు మావాడిది. డ్యూటీ పట్టికలో పేరు చూసుకుని రాత్రంతా నిద్రపోలేదట.

రాత్రి వాన. తెల్లారి నేల చిత్తడి. మా పెద్దవాళ్ల గుడారాలు పిల్లల గుడారాలకు దూరంగా, కాస్త ఎగువన ఉన్నాయి. అక్కణ్ణుంచి కనిపిస్తుంది, వినిపించదు. కాఫీ పట్టుకుని నిలబడ్డాం. మావాడు రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి వెలిగించడానికి కిందామీదా పడుతున్నాడు. అగ్గిపుల్లలు తడిశాయి. నా పక్కనున్న తండ్రి ఒకాయన జేబులో లైటరు తీసుకుని నాలుగడుగులు ముందుకేశాడు. స్కౌట్ మాస్టరు ఆయన భుజం మీద చెయ్యేసి, "వాళ్లకు పెట్రోల్ లీడరు ఉన్నాడు" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

పెట్రోల్ లీడరు పొడి అగ్గిపెట్టె తెచ్చిచ్చాడు, వెలిగించింది మావాడే. మొదటి పాన్‌కేక్ పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది. లీడరు దాన్ని తన పళ్లెంలోనే వేయించుకున్నాడు. తింటూనే పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, వేలితో మంట తిప్పే పిడి చూపించాడు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మావాడే తిప్పాడు. పిండి అంచుల్లో బుడగలు లేచేదాకా ఇద్దరూ వంగి చూస్తూ ఉన్నారు. అట్లకాడ ఒక్కసారి కూడా చేతులు మారలేదు.

నాలుగోది బాగా వచ్చింది. ఎనిమిది మంది పిల్లలు కేకలు వేశారు. ఆ కేకలు మాత్రం మాదాకా వినిపించాయి.

మామగారు ఇదంతా చూడలేదు, మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉన్నారు. రాగానే అడిగిన ప్రశ్న: "పెట్రోల్ లీడరు అట్లకాడ లాక్కున్నాడా?" లేదన్నాను. "అయితే మంచి ట్రూపే."

మే 17. మెండమ్

మార్టిమర్ షిఫ్ 1931లో బాయ్ స్కౌట్స్ అధ్యక్షుడిగా ఎన్నికై నెల తిరక్కుండానే చనిపోయాడు. కొడుకు జ్ఞాపకంగా తల్లి ఈ స్థలం కొనిచ్చింది. దేశంలోని స్కౌట్ ఉద్యోగులకు శిక్షణంతా ఇక్కడే జరిగేది. హిల్‌కోర్ట్, గ్రేస్ కాపురం ఇక్కడే పెట్టారు.

ఆయన 1935లో ఈ ఊళ్లోనే ట్రూప్ వన్ పెట్టాడు, 1951 దాకా నడిపాడు. నాకు బాగా నచ్చిన సంగతి ఇది. పుస్తకంలో ఏం రాయాలన్నా ముందు ఈ ఊరి పిల్లల దగ్గర పెట్టి చూసేవాడు. ఆఫీసు బల్ల దగ్గర బాగానే ఉన్న ఆట తోటలో పిల్లలకు విసుగనిపిస్తే, పుస్తకంలోంచి ఎగిరిపోయేది. దేశమంతటికీ పాఠం రాసే మనిషి పదహారేళ్లపాటు వారం వారం ఒక ఊరి పిల్లలతో నేలమీద కూర్చున్నాడు. మన పాఠ్యపుస్తకాల కమిటీల్లో అలా కూర్చునేవాళ్లు ఎందరుంటారు?

సంస్థ జాతీయ కార్యాలయం 1979లో టెక్సస్ వెళ్లిపోయింది. ఆ రోజుల్లోనే ఈ స్థలాన్నీ వదులుకున్నారు. ఇప్పుడిందులో కొంతభాగం ప్రకృతి వనం, ఎవరైనా వచ్చి నడవొచ్చు. మామగారు కర్ర పోటేసుకుంటూ నడిచారు. ఒకచోట ఆగి, నేల చూసి, "ఇక్కడ గుడారం వెయ్యొచ్చు. వాన నీళ్లు అటు పోతాయి" అన్నారు.

తర్వాత సెయింట్ జోసెఫ్ శ్మశానానికి వెళ్లాం. గ్రీన్ బార్ బిల్ సమాధి అక్కడుంది. మామగారు స్కార్ఫు తెచ్చుకున్నారు. అది వేసుకుని మూడు వేళ్లతో సెల్యూట్ చేశారు. ఏ దేశపు స్కౌటైనా చేసే సెల్యూట్ అదే.

జూన్ 8

దివిసీమ ఉప్పెన గురించి మామగారు ఎన్నడూ చెప్పలేదు. ఈ మధ్యాహ్నం మావాడు 'ఎమర్జెన్సీ' బ్యాడ్జి కోసం "తాతయ్యా, నువ్వెప్పుడైనా తుపాను చూశావా?" అని అడిగితే చెప్పారు.

1977 నవంబరు 19. మామగారికి అప్పటికి ముప్పై నిండలేదు. గాలి తగ్గాక కృష్ణ అవతలి నుంచి వార్తలు వచ్చాయి. హెడ్‌మాస్టరుగారిని అడిగి, ఇళ్లల్లో ఒప్పించి, పెద్ద పిల్లల పెట్రోల్ ఒకదాన్ని వెంటబెట్టుకుని పెనుమూడి రేవులో పడవెక్కి పులిగడ్డలో దిగారు. శవాల జోలికి పిల్లల్ని పోనివ్వలేదు, ఆ పని పెద్దవాళ్లదని ముందే గీత గీశారు. పిల్లలకు అప్పగించినవి రెండు పనులు. ఒకటి నీళ్లు. సముద్రం కమ్మిన బావులన్నీ ఉప్పు. దూరం నుంచి తెచ్చిన నీళ్లు కాచి పోయడం, బ్లీచింగ్ పౌడరు టీ గ్లాసుతో కొలిచి కలపడం. రెండోది లెక్క. పెట్రోల్ లీడరు ఎక్సర్‌సైజ్ పుస్తకంలో గీతలు కొట్టి ఇంటింటికీ తిరిగి రాశాడు. ఇంటిపేరు, మిగిలినవాళ్లెందరు, వాళ్లకేం కావాలి. గిన్నె. చాప. దీపం బుడ్డి. పసిపిల్లకు గౌను. ఒక ఇంటి ఎదురుగా 'ఏమీ వద్దన్నారు, మళ్లీ వెళ్లాలి' అని ఉందట.

సాయం పంచడానికి వచ్చిన ఆఫీసరు ఒకాయన జాబితా కావాలని మామగారిని అడిగాడు. ఆయన కుర్రాడిని చూపించారు. పదహారేళ్లవాడు, మాసిన ఖాకీ నిక్కరు. ఆఫీసరు నమ్మలేదు. "మీరు చెప్పండి మాస్టారూ" అన్నాడు. "నాకు తెలియదు సార్, లెక్క వాడిది" అన్నారు మామగారు. ఆ పుస్తకం పట్టుకుని ఆఫీసరూ, పెట్రోల్ లీడరూ లాంతరు కింద రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నారు.

"నీకు భయం వెయ్యలేదా తాతయ్యా?"

"వేసింది. ఆ పిల్లలకు నీళ్లవల్ల జబ్బు చేస్తుందేమోనని. కాచినవి తప్ప తాగొద్దని పెట్రోల్ లీడర్‌కి చెప్పాను. రోజూ పడుకోబోయేముందు వాడే ఒక్కొక్కణ్ణీ అడిగేవాడు, ఏం తాగావు అని."

మావాడు ఇదంతా బ్యాడ్జి కాగితంలో రాయలేదు. తన నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

జూన్ 22

హిల్‌కోర్ట్ 1965లో రిటైరయ్యాడు. అంతకుముందు ఏడాదే బేడెన్-పవెల్ జీవితచరిత్ర ప్రచురించాడు, ఆ మహనీయుడి భార్య ఓలేవ్ తోడ్పాటుతో. హాయిగా మనవళ్లలాంటి పిల్లలకు కథలు చెప్పుకుంటూ ఉండిపోవచ్చు. ఇంతలో 1972 వచ్చింది.

కాలం మారింది, నగరాల పిల్లలకు అడివెందుకని సంస్థ పెద్దలు కార్యక్రమం మొత్తాన్ని తిరగరాశారు. హ్యాండ్‌బుక్‌లో క్యాంపింగ్, దారి కనుక్కోవడం, మంట వేయడం వెనక్కిపోయాయి. గుడారంలో పడుకోకుండానే అన్నిటికంటే పై మెట్టయిన ఈగిల్ దాకా ఎక్కిపోయే దారి తెరుచుకుంది. వాళ్ల ఉద్దేశం మంచిదే. పేదల బస్తీల పిల్లలకు దగ్గరవ్వాలనుకున్నారు. కానీ బస్తీ పిల్లాడికి అడివి అక్కర్లేదని ఎవరు చెప్పారు? వాడికే ఎక్కువ కావాలి. ఆ మార్పు తర్వాత సంస్థలో పిల్లల సంఖ్య దిగజారిపోయింది.

హిల్‌కోర్ట్ పెద్దల వెంటపడి ఒప్పించాడు. జీతం తీసుకోకుండా తన కాలాన్ని ధారపోసి పుస్తకాన్ని మళ్లీ రాశాడు. అదే 1979లో వచ్చిన తొమ్మిదో ముద్రణ, ఇప్పుడు నా బల్లమీద ఉన్నది. అప్పటికాయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఏ పేజీ తెరిచినా పదకొండేళ్ల పిల్లాడి కళ్లల్లోకి చూసి మాట్లాడుతుంది. వాక్యాలు చిన్నవి. నిప్పు రాజేయడం ఎలాగో చెప్పేటప్పుడు నిప్పు గొప్పతనం గురించి ఉపన్యాసం ఉండదు. ఏ పుల్ల ముందు, ఏ పుల్ల తర్వాత, అంతే.

జులై 13

మావాడు వారం రోజుల సమ్మర్ క్యాంపుకి వెళ్లాడు. ఏప్రిల్ క్యాంపుకి ముందే నేనూ పిల్లల రక్షణ శిక్షణ పూర్తి చేశాను. పిల్లలతో క్యాంపుకెళ్లే పెద్దవాళ్లు ఎవరైనా చేయాల్సిందే. ఏ కార్యక్రమంలోనైనా కనీసం ఇద్దరు పెద్దలుండాలి. ఏ పెద్దమనిషీ ఏ పిల్లాడితోనూ ఒంటరిగా ఉండకూడదు, ఫోన్లో సందేశాలకు కూడా అదే నియమం.

ఎందుకో తెలిసే చేశాను. 2020 ఫిబ్రవరిలో ఈ సంస్థ దివాలా కోర్టుకెక్కింది. చిన్నప్పుడు తమమీద లైంగిక అత్యాచారం జరిగిందని 82 వేలమందికి పైగా ముందుకొచ్చారు. పరిహారానికి ఒప్పుకున్నది 246 కోట్ల డాలర్లు. ఒక్కో సంఖ్య వెనక ఒక పిల్లాడున్నాడు. ఖాకీ చొక్కా వేసుకుని నమ్మి వెళ్లిన పిల్లాడు.

హిల్‌కోర్ట్ గురించి ఇంత ప్రేమగా రాసుకుంటున్న పుస్తకంలో ఇది రాయకుండా పోవడానికి వీల్లేదు. నిజాయితీగా బతికినవాళ్లు కూడబెట్టిన నమ్మకాన్ని వాడుకునే ఆ దుర్మార్గులు పిల్లల దగ్గరికి వచ్చారు. దాన్ని కప్పిపుచ్చినవాళ్లూ అందులో భాగస్వాములే. పిల్లాడికి పెత్తనం ఇవ్వడం అంటే పెద్దవాళ్లు కళ్లు మూసుకోవడం కాదు. ఎగువన, కనిపించేంత దూరంలో, ఇద్దరుగా నిలబడాలి. ఆ దూరమూ కావాలి, ఆ చూపూ కావాలి.

ఆగస్టు 6

హిల్‌కోర్ట్ పుట్టి ఇవాళ్టికి 125 ఏళ్లు. 1920లో లండన్ ఒలింపియాలో జరిగిన మొదటి ప్రపంచ జంబోరీకి డెన్మార్క్ స్కౌట్లతో వెళ్లాడు. ఆగస్టు 6న, తనకు ఇరవై నిండిన రోజున, బేడెన్-పవెల్‌ను ప్రపంచ చీఫ్ స్కౌట్‌గా పిల్లలంతా కేకలతో ప్రకటించారు. ఆ కేకల్లో ఇతని గొంతూ ఉందనుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

మామగారు వచ్చేవారం వెళ్లిపోతున్నారు.

సెప్టెంబరు 21

మన తెలుగువాళ్ల భోజనాల దగ్గర ఈగిల్ గురించే మాటలు. ఇరవై ఒక్క బ్యాడ్జీలు, ఒక సేవా ప్రాజెక్టు, పద్దెనిమిదేళ్లు నిండేలోగా. కాలేజీ దరఖాస్తులో బరువు ఉంటుందని పిల్లాడి తరఫున తల్లే ఎక్సెల్ షీటు నడుపుతోంది, తండ్రే ప్రాజెక్టుకు చెక్కలు కోస్తున్నాడు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. ఏ పూటా పిల్లలకు లోటు రాకూడదని కష్టపడ్డవాళ్లం మనం. కానీ పెట్రోల్ పద్ధతి కోరేది సరిగ్గా మనకు అలవాటు లేని త్యాగం. డబ్బు కాదు, సమయం కాదు. పని వాడి చేతిలో చెడుతున్నా మన చేతులు కట్టుకుని ఉండటం.

ఊళ్లోనూ ఇదే. రాష్ట్రపతి అవార్డు ఉంటే రైల్వేల్లో స్కౌట్ కోటా ఉద్యోగం వస్తుందని ఆశపడే తండ్రి ఆశ న్యాయమైనదే. సర్టిఫికెట్టు వచ్చి, పిల్లాడు మాత్రం ఒక్క రాత్రయినా తన వాళ్లకు వండిపెట్టకుండా పోతే, పోయింది వాడికే. చాలా బళ్లల్లో స్కౌట్లంటే ఆగస్టు పదిహేనుకూ, జనవరి ఇరవై ఆరుకూ అతిథులకు దండలు వేసే పిల్లలు.

అక్టోబరు 12

మావాడి పెట్రోల్‌కి కొత్త లీడరు ఎన్నికయ్యాడు. ఆ పదమూడేళ్ల కుర్రాడు ట్రూప్‌లో పై బాధ్యతకు వెళ్లాడు. మావాడు ఓటు ఎవరికి వేశాడో చెప్పలేదు. నేనూ అడగలేదు.

నవంబరు 7

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌కి 75 ఏళ్లు. 1950 నవంబరు 7న ఒక్కటయ్యారు. దానికి ముందు కథ పెద్దది. 1909లో బెంగళూరులో స్కౌటింగ్ మొదలైనప్పుడు అది తెల్లవాళ్ల పిల్లలకే. మన పిల్లలకు చోటులేదన్నారు. తర్వాత మద్రాసులో అనీబిసెంట్, అరండేల్ మనవాళ్ల కోసం వేరే సంఘం పెట్టారు. ఉత్తరాన మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవాసమితి స్కౌట్లను నిలబెట్టారు. షాజహాన్‌పూర్‌లో 1913లోనే పిల్లల్ని పోగేసిన బాజ్‌పాయ్‌ది కూడా హిల్‌కోర్ట్ లాంటి జీవితమే, మొత్తం ఇందులోనే కరిగింది. ఆయన మీద తెలుగులో ఒక మంచి పుస్తకం రావాలి.

బేడెన్-పవెల్ భారతీయుల శీలం గురించి 1930లలో అన్న మాటలు మన దేశంలో చాలామందిని గాయపరిచాయి. వాటి తర్వాతే హిందుస్థాన్ స్కౌట్ సంఘం విడిపోయింది. అయినా ఆయన పద్ధతిని మాత్రం వదల్లేదు. మనిషి పొరపాటును పక్కన పెట్టి, ఉపయోగపడేదాన్ని మనదిగా చేసుకున్న ఆ పెద్దల వివేకం నాకు గౌరవం కలిగిస్తుంది.

నవంబరు 9

1992లో ఇదే రోజున స్టాక్‌హోమ్‌లో హిల్‌కోర్ట్ చనిపోయాడు. తొంభై రెండేళ్ల వయసులో దేశదేశాల స్కౌట్లను చూస్తూ తిరుగుతున్న ప్రయాణంలో. మెండమ్‌కి తీసుకొచ్చి అక్కడే ఖననం చేశారు.

నవంబరు 16

మామగారు రేపల్లెలో ఒక పని మొదలుపెట్టారు. తెలుగులో పెట్రోల్ లీడరు పుస్తకం. పొడుగు పుస్తకంలో చేత్తో రాసి, పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నారు. నేను టైపు చేసి తిప్పి పంపాలి.

మొదటి అధ్యాయం కొత్తవాడు పెట్రోల్లోకి వచ్చిన రోజు ఏం చేయాలో. పేరు అడుగు. ఇంటికి ఏ దారిన వెళ్తాడో అడుగు. ఏం తినడో అడుగు, ఎందుకని అడగకు. మొదటి రోజే వాడికి ఒక పని అప్పగించు. రెండోది నీళ్లు: కాచడం, వడకట్టడం, బ్లీచింగ్ పౌడరు కొలత. మూడోది లెక్క రాయడం. అందులో ఎక్సర్‌సైజ్ పుస్తకం పేజీ ఎలా గీయాలో బొమ్మ వేశారు. నాలుగు గళ్లు. నాలుగో గడి మీద 'మళ్లీ వెళ్లాలి' అని ఉంది.

రెండో అధ్యాయం మొదట్లో నేనొక పేరా కలిపాను, శుభ్రమైన నీటి ప్రాముఖ్యం గురించి. పొద్దున ఫోన్ చేశారు. "మీరు రాసింది బాగుంది బాబూ. కానీ అది హెడ్‌మాస్టర్లు చదువుకోవడానికి. పెట్రోల్ లీడర్‌కి అక్కర్లేదు, తీసెయ్యండి. వాడికి గిన్నె ఎంత పెద్దదో చెప్పండి చాలు."

తీసేశాను. గిన్నె కొలత లీటర్లలో వేయాలా, బిందెల్లో వేయాలా అన్నది ఇంకా తేలలేదు. మావాడు రెండూ వేయమంటున్నాడు. మామగారు రేపు బళ్లో పిల్లల్ని అడిగి చెప్తానన్నారు.